ఇల్లు మనదైతేనే చుట్టం

మన కొండ ఊళ్లలో ఒక మర్యాద ఉంది. కొత్త మనిషి వస్తే పేరు అడగకముందే కూర్చోబెట్టి నీళ్లో అంబలో ఇస్తాం. ఇప్పుడు చలికాలం వస్తే చాలు, అరకు ఘాట్ రోడ్డు కార్లతో నిండిపోతోంది. వచ్చినవాళ్లంతా అతిథులేనని ప్రభుత్వం అంటోంది. పర్యాటకం పెరిగితే ఆతిథ్యమిచ్చే దేశానికి లాభమా నష్టమా అని ప్రపంచమంతా లెక్కలు వేస్తోంది. దేశం లెక్క వేరు, ఆ దేశంలో చుట్టాలకు చోటిచ్చే జనం లెక్క వేరు. మన లెక్క తేలాలంటే ఈ కొండలకు బయటివాళ్లు ఏ దారిన, ఎందుకోసం వచ్చారో వెనక్కి తిరిగి చూడాలి.

ఒకప్పుడు మన్యం జ్వరమంటే మైదానం వాళ్లకు హడల్. మలేరియాకు భయపడి చాలామంది కొండెక్కేవారు కాదు. భయం లేకుండా ఎక్కింది షావుకార్లు. ఉప్పు, బట్ట, అప్పు తెచ్చి పంట పట్టుకుపోయారు, తర్వాత భూమే రాయించుకున్నారు. పరిస్థితి ఎంత ముదిరిందంటే బ్రిటిష్ ప్రభుత్వమే 1917లో ఏజెన్సీ భూముల బదిలీకి అడ్డుకట్ట వేస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో మరో నిబంధన చేశారు. దాన్ని గట్టిపరుస్తూ 1970లో వచ్చిందే మనం 1/70 అని పిలుచుకునే చట్టం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువు చేసేదాకా, అది గిరిజనుడి నుంచి పోయిందేనని ఆ చట్టం భావిస్తుంది.

రైలు కథ కూడా ఇలాంటిదే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 1960లలో కొండలు తొలిచి పట్టాలు వేసింది మన ప్రయాణాల కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి. అదే దారిలో ఇప్పుడు సొరంగాలు, లోయలు చూడడానికి జనం వస్తున్నారు. 2017లో ఆ రైలుకు అద్దాల పెట్టె తగిలించారు. ఖనిజం దిగిన దారినే పర్యాటకుడు ఎక్కి వచ్చాడు.

ఆ రైలు ఆగే బొర్రా గుహల దగ్గరే మన చరిత్రలో పెద్ద మలుపు ఒకటి ఉంది. టికెట్ కొని లోపలికి వెళ్లేవాళ్లలో ఎంతమందికి అది తెలుసో! అనంతగిరి మండలంలో బొర్రా, నిమ్మలపాడు చుట్టుపక్కల గ్రామాల భూముల్లో తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటువాళ్లకు లీజులిచ్చింది. దానిపై సమత సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడినా సుప్రీంకోర్టులో గెలిచింది. 1997 జూలై 11న వచ్చిన ఆ తీర్పు ప్రకారం 1/70 చట్టంలోని ‘వ్యక్తి’ అనే మాట ప్రభుత్వానికీ వర్తిస్తుంది. అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సర్కారు గిరిజనేతరులకు లీజుకివ్వకూడదు. గనుల లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ప్రజల నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పక్కన పెట్టాలని కూడా కోర్టు చెప్పింది.

పర్యాటకం వల్ల మనకేమీ రాలేదంటే అబద్ధమవుతుంది. జీపు నడిపే కుర్రాళ్లున్నారు, గుహల్లో దారి చూపేవాళ్లున్నారు, బొంగులో చికెన్ కాల్చి పిల్లల్ని చదివించే తల్లులున్నారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీకి రోడ్డు పక్కనే గిరాకీ దొరుకుతోంది.

పోయేది కూడా కళ్లముందే ఉంది. వలిసె పూలు పూసే కాలంలో చేలు పసుపు పరిచినట్టుంటాయి. అది ఫొటోల కోసం వేసిన తోట కాదు, నూనె గింజల పంట. తొక్కిన చేనుకు పది, ఇరవై రూపాయలు తీసుకుని సరిపెట్టుకుంటున్నాం. చైత్రమాసం ఇటుకల పండగలో ఊరంతా కలిసి ఆడే ధింసా, సాయంత్రం రిసార్టులో భోజనానికి ముందు అరగంట కార్యక్రమమైంది. ఆడినవాళ్లకు కూలి వస్తుంది, మంచిదే. కానీ పండగకు ఆడడానికి, పిలిచినవాడి గడియారం చూసి ఆడడానికి తేడా ఉంది. వంజంగి కొండ మీద మబ్బులు చూసినవాళ్లు దిగిపోతారు, ప్లాస్టిక్ సీసాలు మాత్రం అక్కడే ఉంటాయి.

వీటన్నిటికంటే లోతైన దెబ్బ భూమి మీద పడుతోంది. కాగితం మీద గిరిజనుడి పేరు, గల్లాపెట్టె దగ్గర మైదానం మనిషి. షావుకారు అప్పు పత్రంతో చేసిన పనే ఇప్పుడు బినామీ ఒప్పందంతో జరుగుతోంది. సొంత పొలంలో లేచిన బసలో కాపలాదారుగా కుదిరిన మనిషిని చుట్టాలకు మర్యాద చెయ్యమంటే ఎలా? అతను ఆ ఇంటి యజమాని కాదు గదా.

అందుకే 2025 మొదట్లో పర్యాటక పెట్టుబడుల కోసం 1/70ని సవరించాలన్న మాట వినబడగానే మన్యం కదిలింది. ఫిబ్రవరిలో బంద్ జరిగింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. చుట్టాలు రావద్దని చేసిన బంద్ కాదది. ఇల్లు పోకూడదని చేసింది.

1996 నాటి పెసా చట్టం గ్రామసభకు చోటిచ్చింది. ఆ చోటులో కూర్చుని మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. బసలు మన పేర్ల మీద, మన సంఘాల చేతుల్లో ఉండాలి. గనులకు చెప్పిన 20 శాతం న్యాయం గుహల టికెట్‌కు ఎందుకు వర్తించకూడదో జవాబు కావాలి. ఏ చేలోకి ఎవరు దిగాలో, ధింసా ఎప్పుడు ఎక్కడ ఆడాలో ఊరే నిర్ణయించాలి.

నీళ్లిచ్చే మర్యాదను మనం వదులుకోం. ఆ నీళ్లు మన కుండలోవి, ఆ కుండ మన గడపలోది కావాలి. అంతే అడుగుతున్నాం.