గల్లాపెట్టె దగ్గర రాసిన చరిత్ర

శాసనాల్లో దాతల పేర్లుంటాయి. రెవెన్యూ రికార్డుల్లో పట్టాదారుల పేర్లుంటాయి. వెలివాడలో పిల్లల్ని కని, పెంచి, కూలికెళ్లి, గంజి కాచిన ఆడమనిషి పేరు ఎక్కడుంటుంది? దళిత స్త్రీకి చరిత్ర లేదనే మాట ఇక్కణ్ణుంచే పుట్టింది. ఈ మాటకి మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో ఒక చిన్న కిరాణా కొట్టులోంచి జవాబొచ్చింది. ఆ జవాబిచ్చిన మనిషి బేబీ కాంబ్లే (1929-2012).

ఆమె మహర్ కులంలో పుట్టింది. వీర్‌గావ్‌లో అమ్మమ్మగారింట పెరిగింది. తండ్రి తల్లిని గడప దాటనిచ్చేవాడు కాదు. ఆమె బడిలో చేరితే అంటరాని పిల్లలని విడిగా కూర్చోబెట్టారు. నాలుగో తరగతితో చదువు ఆగింది. పదమూడేళ్లకి పెళ్లి. పదిమంది పిల్లల్ని కన్నది, ముగ్గురు దక్కలేదు. భార్యాభర్తలు ద్రాక్షపళ్లు అమ్ముకుంటూ మొదలుపెట్టి, తర్వాత కూరగాయలు, ఆపైన కిరాణా సరుకులు పెట్టారు. ఆ బేరం మీదే ఇల్లు గడిచింది.

సరుకులు పొట్లాలు కట్టడానికి పాత పత్రికలొచ్చేవి. ఆమె వాటిని కట్టేముందు చదివేది. అదే ఆమె గ్రంథాలయం. గిరాకీ లేనప్పుడు అక్కడే కూర్చుని రాసేది. రాసిన కాగితాలు ఎవరి కంటా పడని మూలల్లో దాచేది. ఇట్లా దాదాపు ఇరవై ఏళ్లు! ఎవరికి భయపడి? భర్తకి. "దీనికేం తెలుసు" అనుకునే ఇంట్లో ఆడది రాయడం కూడా తప్పే. ఆ కాగితాలే 1986లో 'జిణ ఆముచ' అనే మరాఠీ పుస్తకమయ్యాయి. అంటే 'మా బతుకు'. 2008లో మాయా పండిట్ ఇంగ్లీషు అనువాదం వచ్చింది.

'నా బతుకు' అనలేదు, 'మా బతుకు' అన్నది. ఇది గమనించాలి. మహర్‌వాడలోని ఆకలి, వంతులవారీగా ఊరికి చేసిన వెట్టి, దేవుడి పేరుతో మోసిన భారం, తిండి దొరకని బాలింతలు, తెల్లారకముందే తిరగలి ముందు కూర్చున్న చిన్నకోడళ్లు, అనుమానంతో ముక్కు కోయించుకున్న ఆడవాళ్లు - అన్నీ రాసింది. అగ్రవర్ణాలు మహర్లని బానిసలుగా చూస్తే, మహర్ల ఇళ్లలో కోడళ్లు బానిసలయ్యారని తేల్చి చెప్పింది. వాడ పరువు పోతుందని వెనక్కి తగ్గలేదు.

అయితే తన భర్త తనని కొట్టిన సంగతి మాత్రం పుస్తకంలో రాయలేదు. అది అనువాదకురాలితో జరిగిన సంభాషణలోనే బయటికొచ్చింది. తన బాధ కన్నా తన జనం బాధ పెద్దదని ఆమె అనుకుంది. ఈ మౌనాన్ని కుటుంబం మీద ప్రేమ అని మెచ్చుకుని ఊరుకుందామా? ప్రేమ ఉంది, కాదనం. ఆ పిల్లల కోసమే కొట్టు నడిపింది, వాళ్లని చదివించింది. కానీ సహనశీలి, ఆదర్శ మాత అంటూ దండేస్తే దెబ్బలు దండకింద దాక్కుంటాయి. దళిత స్త్రీ ఊరితోనూ పోరాడింది, ఇంట్లోనూ పోరాడింది. ఒకటి రాసి రెండోది వదిలేస్తే అది సగం చరిత్రే అని మా అభిప్రాయం.

ఆమెకి ఈ ధైర్యం ఊరికే రాలేదు. చచ్చిన పశువు మాంసం మానండి, పిల్లల్ని బడికి పంపండి అన్న అంబేడ్కర్ మాటని వాడల్లో ముందుగా పట్టుకున్నది ఆడవాళ్లేనని ఆమె చెప్పింది. తర్వాత ఫల్టణ్ దగ్గర నింబురేలో వెనకబడిన కులాల పిల్లలకి ఆశ్రమ పాఠశాల నడిపింది. చదువుకుని ఉద్యోగాలొచ్చాక వాడని మరిచిన వాళ్లని మాత్రం గట్టిగా నిలదీసింది. ఇళ్లలో మొదటిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మాలాంటి వాళ్లందరికీ ఆ ప్రశ్న వర్తిస్తుంది.

మన తల్లుల్లో చాలామంది రాయలేదు. తిరగలి దగ్గర, నాట్లలో, కల్లాల్లో పాడారు, చెప్పారు. వాళ్లు బతికుండగానే ఆ మాటలు రాసిపెట్టుకోవాలి. రాసేటప్పుడు వాళ్లు ఏం చెప్పారన్నదే కాదు, ఎవరు ఇంట్లోకి రాగానే మాట ఆపేశారన్నది కూడా రాయాలి.