హిందూపురము, పెనుగొండ, ధర్మవరము: స్థానిక గ్రంథాలయ చరిత్రకొక పీఠిక

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్రను వ్రాసినవారు సాధారణముగా కొన్ని స్థలములను, కొన్ని సంవత్సరములను పేర్కొని కథ నారంభింతురు. 1897లో కుముదవల్లిలో వెలసిన వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయము, 1901లో హైదరాబాదున స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో బెజవాడలో ఏర్పడిన రామమోహన గ్రంథాలయము, 1914 ఏప్రిలు 10వ తేదీన ఆ పట్టణముననే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన సమావేశమైన గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ, ఈ నాలుగును ఆ చరిత్రలలో తప్పక కానవచ్చును. వీనిలో మూడు కృష్ణా గోదావరీ ప్రాంతములకు, ఒకటి నైజాము రాజధానికి చెందినవి. దత్తమండలముల పేరు ఆ తొలి ప్రకరణములలో అరుదు. దీనినిబట్టి ఆ సీమలో గ్రంథవ్యాసంగమే మందముగా నుండెనని తలచుట కవకాశము కలదు. ఆ తలంపు విచారణకు నిలువదని మా అభిప్రాయము. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురము, పెనుగొండ, ధర్మవరము అను మూడు పట్టణములను ఉదాహరణముగా గైకొని ఈ విషయమును పరిశీలింతము. ఈ మూడును 1882లో బళ్లారి నుండి విడివడి ఏర్పడిన అనంతపురము జిల్లాలో చిరకాలముండి, 2022 ఏప్రిలులో క్రొత్త జిల్లాకు చేరినవి.

గ్రంథాలయ చరిత్ర యనగా భవనముల చరిత్రయు, ఆదాయవ్యయముల చరిత్రయు మాత్రమే కాదు. ఒక ప్రాంతమున గ్రంథము పుట్టుట, గ్రంథము నిలుచుట, గ్రంథము చదువబడుట అను మూడంశములు కలిసిననే ఆ చరిత్ర పూర్ణమగును. రచన, రక్షణ, పఠనము అని వీనిని పేర్కొనవచ్చును. మనము చూడబోవు మూడు పట్టణములలో రచనకు కొరత లేదు. పఠనమునందభిరుచి లేదనుటకును ఆధారము లేదు. కొరతపడినది రక్షణము. అచ్చట పుట్టిన గ్రంథములును, గ్రంథకర్తలును ఎక్కువభాగము అన్యత్ర చేరుటయే ఈ సీమ సాహిత్య చరిత్రలో మరల మరల కనిపించు విషయము.

మొదట పెనుగొండను చూతము. 1565లో జరిగిన తళ్లికోట యుద్ధానంతరము విజయనగర రాజ్యమునకు రాజధాని పెనుగొండయైనది. అచ్చటి నుండి పాలించిన ఆరవీటి తిరుమల దేవరాయలకే రామరాజభూషణుడు వసుచరిత్రము నంకిత మొసగెను. శ్లేషకును, నాదగుణమునకును తెలుగున సాటిలేనిదిగా పండితులెన్నుకొను ఆ ప్రబంధము పెనుగొండ రాజునకంకితమైనదను విషయము సాహిత్య చరిత్రలు చదివిన వారందరికిని తెలిసినదే. అయినను, పెనుగొండ కోటను, గగనమహలును చూడవచ్చు యాత్రికునకు ఆ విషయమును జ్ఞప్తికి తెచ్చువారెందరు? రాజధాని పిమ్మట చంద్రగిరికిని, వేలూరునకును తరలినది. ఆస్థానము తరలినప్పుడు కవులును, పుస్తకములును ఆస్థానము వెంట పోవుట సహజము. కొండ నిలిచినది, కోట నిలిచినది, గ్రంథము నిలువలేదు.

మూడున్నర శతాబ్దముల పిమ్మట ఆ పెనుగొండయే మరియొక కవిని తీర్చిదిద్దినది. 1914లో అనంతపురము జిల్లా చియ్యేడులో జన్మించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు బాల్యమున పెనుగొండలో పెరిగిరి. శిథిలమైన ఆ రాజధానిని చూచి చిన్నతనముననే 'పెనుగొండలక్ష్మి' యను కావ్యమును రచించిరి. తాము రచించిన ఆ గ్రంథమునే విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథముగా చదువవలసి వచ్చిన విచిత్రానుభవము వారిది. సంస్కృతాంధ్రములు పండిత కుటుంబమునందే అబ్బినవి. ఆంగ్ల సాహిత్యమును ఆనాటి సబ్ కలెక్టరు సతీమణి పిట్ దొరసానివద్ద అభ్యసించిరి. ఇచ్చట గ్రంథాలయ చరిత్రకారుడు గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆ బాలకునకు ఆంగ్ల కావ్యములు లభించినది సార్వజనిక గ్రంథాలయమున గాదు, ఒక అధికారి గృహమున. అధికారికి బదిలీ అయినచో పుస్తకములును బదిలీ యగును. అట్టి యదృష్టము ఊరిలో నొక్కనికి పట్టవచ్చును గాని ఊరికంతకును పట్టదు. ఒక్కనికి దయచేత లభించిన దానిని అందరికి హక్కుగా నొసగుటయే గ్రంథాలయము. నారాయణాచార్యులవారు తదనంతరము ప్రొద్దుటూరునకును, కడపకును చేరిరి. వారి 'శివతాండవము' ప్రొద్దుటూరున వెలసినది.

వ్రాతప్రతుల సంగతియు నిట్టిదే. 1800లో నిజాము దత్తమండలములను ఆంగ్ల కంపెనీకి అప్పగించిన పిమ్మట కర్నల్ మెకంజీ ఈ సీమలో భూమిని కొలిపించుటయే గాక, గ్రామ చరిత్రలను కైఫియతుల రూపమున వ్రాయించెను. కడపలో ఉద్యోగించిన సి. పి. బ్రౌను పండితులను పోషించి తెలుగు వ్రాతప్రతులను సేకరించి, పరిష్కరింపజేసి, 1829లో వేమన పద్యములను ప్రకటించెను. వేమన సమాధి యున్న కటారుపల్లె నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిదే. ఈ యిరువురి కృషియే లేకున్న ఎన్ని గ్రంథములు చెదలపాలై యుండెడివో యూహింపవచ్చును. కాని ఆ సంపుటములలో తెలుగునకు సంబంధించినవి మిక్కిలిగా చెన్నపట్టణమందలి ప్రాచ్యలిఖిత పుస్తకాలయమునకు చేరినవి. ఇందుచేత తన ఊరి చరిత్రను తెలిసికొనగోరిన పరిశోధకుడు తన ఊరు విడిచి వందలమైళ్లు పోవలసిన స్థితి యేర్పడినది.

ధర్మవరము విషయము వేరొక రీతిది. పట్టునేతకు పేరెన్నిక గన్న ఈ పట్టణమున 1853లో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు జన్మించిరి. ఆనాడు జిల్లాకు ముఖ్యపట్టణము బళ్లారి; న్యాయవాదవృత్తి కోరినవారికి అదియే స్థానము. ఆచార్యులవారు బళ్లారిలో న్యాయవాదులై, 1886లో సరసవినోదినీ సభను స్థాపించి, 'చిత్రనళీయము' మొదలుగా సుమారు ముప్పది నాటకములను రచించిరి. 'విషాదసారంగధర' తెలుగున విషాదాంత నాటకములకు దారితీసినది. ఆంధ్రనాటక పితామహులని వారికి ప్రసిద్ధి. జన్మస్థానము ఇంటిపేరున నిలిచినది గాని నాటకశాల బళ్లారిలో వెలసినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరుటతో, తెలుగు నాటకరంగ చరిత్రలో నొక ప్రధానాధ్యాయమునకు చెందిన స్థలము పొరుగు రాష్ట్రమునకు పోయినది.

ధర్మవరము మనకు నేర్పు రెండవ పాఠము పఠనమునకు సంబంధించినది. ఇచ్చట నేత గృహపరిశ్రమ. మగ్గము ఇంటిలోననే యుండును, కుటుంబమంతయు దానిచుట్టు పనిచేయును. పగటివేళ మగ్గమును విడిచి పఠనమందిరమునకు రాగలవారు తక్కువ. ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో పాఠకుని కాలమును కాపాడుట యొకటి. ఆ సూత్రమును నేతగాండ్ర పట్టణమున అమలుజరుపుట యనగా, పాఠకునకు తీరిక గల వేళలలో తలుపులు తెరచియుంచుటయు, తీరిక లేనివాని వాకిటికి పుస్తకమును చేర్చుటయు నగును. తెనాలి ప్రాంతమున పాతూరి నాగభూషణముగారు 1935లో కాలువలపై పడవ గ్రంథాలయమును నడపినది ఈ ధర్మమును గుర్తించియే. రాయలసీమలోని మన పట్టణములకు ఇనుపదారి కలదు. 1890 దశకమున గుంతకల్లు నుండి బెంగుళూరు వైపునకు వేయబడిన రైలుమార్గము మన మూడు పట్టణములను ఒక్క వరుసను కూర్చినది. ఈ దారియే పత్రికలను, పుస్తకములను లోనికి తెచ్చినది. ఈ దారియే చదువుకొన్నవారిని బెంగుళూరునకును, మైసూరునకును, చెన్నపట్టణమునకును కొనిపోయినది. 1893లో ఈ జిల్లా రాళ్లపల్లిలో జన్మించిన అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము ఆంధ్రాధ్యాపకులుగా నుండుటయు, తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వముగారు పత్రికా వ్యాసంగమునకై అన్యనగరములకు చేరుటయు ఈ వలసకే నిదర్శనములు.

అందరును తరలిపోలేదు. నిలిచి కూడబెట్టినవారును కలరు. ఈ విషయమున హిందూపురమునకు విశిష్టస్థానము కలదు. కర్ణాటక సరిహద్దున, పెన్నానది తెలుగు నేలను ప్రవేశించు ప్రాంతమున, వర్తకముచే పెంపొందిన ఈ పట్టణమున కల్లూరు అహోబలరావుగారు శ్రీకృష్ణదేవరాయ గ్రంథమాలను నెలకొల్పి నడపిరి. 'రాయలసీమ రచయితల చరిత్ర' యను పేర నాలుగు సంపుటములను ఆ గ్రంథమాల ప్రకటించినది. విశ్వవిద్యాలయమందలి శాఖలు, సహాయక బృందములు చేయదగిన పనిని, చిన్న పట్టణమున నుండి ఒక కవి సాధించుట సామాన్య విషయము కాదు. రచయితల జీవితములను, కృతులను ఒకచోట చేర్చిన ఆ సంపుటములు రాయలసీమ సాహిత్యమునకు పేర్ల పట్టిక వంటివి. ఆ కాలమునకు అనంతపురమున ఉన్నతవిద్యా పరిశోధనము ఇంకను బాల్యదశలో నుండెనని మరువరాదు. 1937 నవంబరు 16వ తేదీ నాటి శ్రీబాగు ఒడంబడికలో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము కావలెనను నియమమున్నను, స్నాతకోత్తర కేంద్రము 1968లోను, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లోను ఏర్పడినవి. అనగా రచయితల చరిత్రను సమకూర్చుటలో వ్యక్తి సంస్థకంటె ముందు నడచెను.

ఇక శాసనము మాట. సార్వజనిక గ్రంథాలయములకు 1948 మద్రాసు చట్టము పునాది. జిల్లాకొక స్థానిక గ్రంథాలయ సంస్థయు, ఆస్తిపన్నుపై రూపాయికి ఆరు పైల (అనగా పాతలెక్కన అర్ధణా) సెస్సును ఆ చట్టము విధించెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960 చట్టము ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల గ్రంథాలయ వ్యవస్థలను ఏకము చేసినది. ఈ మార్పునకు భూమికను సిద్ధపరచిన ఉద్యమమున రాయలసీమ పాత్ర స్వల్పము కాదు. కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చిరకాలము ఆంధ్ర గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షులై, వయోజన విద్యను గ్రంథాలయముతో ముడిపెట్టి బోధించిరి. వారు 1960 ఫిబ్రవరిలో కీర్తిశేషులైరి. నూతన శాసనము ఆ సంవత్సరముననే అమలునకు వచ్చినది. తొలి ప్రకరణములలో దత్తమండలముల పేరు అరుదైనను, ఉద్యమమును నడపిన వారిలో అగ్రగణ్యుడొకడు దత్తమండలమువాడే.

నేడు ఈ మూడు పట్టణములలోను శాఖా గ్రంథాలయములు కలవు. ఏటేటా నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. విద్యార్థులకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, పుస్తక ప్రదర్శనములు ఏర్పాటగును. ఉద్యోగ పరీక్షలకు సిద్ధపడు యువకులు పఠనమందిరముల నాశ్రయింతురు. ఇది మెచ్చదగినదే, జీవనోపాధి కొరకు చదువువాడును పాఠకుడే. కాని వారోత్సవమున ప్రదర్శింపబడు పుస్తకములలో ఆ యూరి పుస్తకమొక్కటియైన నుండవలెనని మేము కోరుచున్నాము. వసుచరిత్రము లేని పెనుగొండ గ్రంథాలయము, రామకృష్ణమాచార్యుల నాటకములు లేని ధర్మవరము గ్రంథాలయము, రచయితల చరిత్ర నాలుగు సంపుటములు లేని హిందూపురము గ్రంథాలయము ఎన్ని వేల పుస్తకములు గలిగియున్నను అసంపూర్ణములే యగును. వీనికి తోడుగా రాళ్లపల్లివారు 1928లో ఇచ్చిన వేమన ఉపన్యాసముల గ్రంథమును, పుట్టపర్తివారి 'పెనుగొండలక్ష్మి'ని, ఈ సీమ కరువును కావ్యవస్తువుగా గైకొన్న విద్వాన్ విశ్వముగారి 'పెన్నేటి పాట'ను ఈ ప్రాంత పాఠకుడు తొలుత చదువదగిన గ్రంథములుగా సూచింతుము. ఈ క్రమమున చదివినవానికి ఒకే నేల రాజధానిగను, శిథిలముగను, ఎండిన యేటిగట్టుగను ఎట్లు కావ్యమైనదో బోధపడును.

పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. పాత గ్రంథములు యంత్రసహాయమున ప్రతిబింబములై ఇంటనుండియే లభించుచున్న ఈ కాలమున స్థానిక సంగ్రహముతో పనియేమని ప్రశ్న కలుగవచ్చును. ప్రతిబింబము తీయుటకు మూలప్రతి యెచ్చటనో నిలిచియుండవలెను గదా. పెద్ద నగరముల సంగ్రహములకు చేరిన పుస్తకమే నేడు మనకు తెరపై కనిపించును. అచ్చటికి చేరని నాటకసమాజ కరపత్రము, పాఠశాల వార్షిక సంచిక, చేనేత సంఘముల నివేదిక, శతకకర్త సొంత ఖర్చుతో అచ్చువేసికొన్న నూరు పుటల పొత్తము కనబడవు. వానిని వెదకవలసిన స్థలములు ఇండ్ల అటకలు, పాఠశాలల బీరువాలు, దేవాలయముల పెట్టెలు. అహోబలరావుగారి సంపుటములను చేతబట్టుకొని, అందు పేర్కొనబడిన ప్రతి గ్రంథము నేడెచ్చట నున్నదో, ఎన్ని ప్రతులున్నవో గుర్తించి పట్టిక సిద్ధపరచుట ఒక పరిశోధన వ్యాసమునకు చాలిన విషయము. దొరికినదానిని శాఖా గ్రంథాలయమునకు చేర్చినచో ఆ పట్టిక జీవించును. ఒక పెద్దయింటివారు ఇల్లు మారునప్పుడు తూకమునకు అమ్మివేయు కాగితములలో ఒక ఊరి చరిత్ర పోవచ్చును. ఈ పనికి వ్యవధి స్వల్పమని గుర్తింపవలెను.

ఈ విచారణ వలన తేలిన సారమును సంగ్రహించి చెప్పవలెనన్న, ఈ మూడు పట్టణములు గ్రంథములు లేని ఊళ్లు కావు, గ్రంథములను పోగొట్టుకొన్న ఊళ్లు. పోయిన ఆస్థానమును, సరిహద్దుకావల నిలిచిన నాటకశాలను మరల తేలేము. ఇకమీద పుట్టు గ్రంథమైనను, ఇంకను అటకలపై మిగిలియున్న గ్రంథమైనను పుట్టినచోట నొక ప్రతి నిలుచునట్లు చూచుట సాధ్యమే. ఆ ధర్మమును నెరవేర్చినప్పుడు శాఖా గ్రంథాలయము జిల్లా సంస్థకు శాఖయే గాక, ఆ ఊరి సాహిత్యమునకు మూలస్థానము కూడ నగును.