అద్దె పెట్టెకు సెలవు

2007లో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, మా టీవీ కింద ఉన్న రికార్డర్ కేబుల్ కంపెనీది. నెలనెలా అద్దె పుచ్చుకుంటూనే సగం సినిమా మింగేసేది. విసుగెత్తి టీవో అనే సొంత రికార్డర్ కొన్నాను.

పెట్టె మనదే అయినా తాళంచెవి కేబుల్ వాళ్ల దగ్గరే. దాని పేరు కేబుల్‌కార్డ్. ఏటీఎం కార్డంత వెడల్పు, కాస్త మందం. వెనక గాడిలోకి తోస్తే మూసి ఉన్న ఛానళ్లు తెరుచుకుంటాయి. తోస్తే చాలా? తెర మీద పొడుగాటి అంకెలు వచ్చాయి. కేబుల్ కంపెనీ టెక్నీషియన్ మోకాళ్ల మీద కూర్చుని వాటిని ఫోన్‌లో ఆఫీసుకు చదివాడు. ఒక అంకె తప్పింది, మళ్లీ మొదలు. ఈలోపు మా ఆవిడ ఇచ్చిన టీ చల్లారింది.

ఈ తతంగానికి మూలం 1996 నాటి అమెరికా టెలికమ్యూనికేషన్స్ చట్టం: పెట్టెను బజార్లో కొనుక్కునే వీలు జనానికి ఉండాలంది. కంపెనీలు నసిగాయి. చివరికి 2007 జులై 1 నుంచి, వాళ్లు కొత్తగా ఇచ్చే పెట్టెల్లోనూ ఈ కార్డు లాంటి భద్రతా భాగం విడిగానే ఉండాలని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పట్టుబట్టింది. 2020లో ఆ సంస్థే కేబుల్‌కార్డ్ నిబంధనలను ఎత్తేసింది.

నా కార్డు సొరుగులోనే ఉంది. తిరిగివ్వమని ఎవరూ అడగలేదు.