లేని జంతువు, పోయిన పేర్లు

చరిత్ర మీద వ్యాసం రాయమని మా సోషల్ సారు చెప్పినప్పుడు క్లాసులో అందరూ కృష్ణదేవరాయలు, కెంపేగౌడ, టిప్పు సుల్తాన్ అని అంశాలు రాసిచ్చారు. నేను ఒక వీడియో గేమ్‌లో ఉన్న తప్పుల చరిత్ర రాస్తానన్నాను. అందరూ నవ్వారు. సారు మాత్రం, "తారీఖులు, కారణాలు, ఫలితాలు ఉంటే అదీ చరిత్రే. రాయి" అన్నారు. అందుకే ఈ వ్యాసం. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. అది దాచకుండా చెప్తాను.

ఆట ఎలా పుట్టింది

ఆ గేమ్ పేరు పోకెమాన్. దాన్ని తయారు చేసినాయన సతోషి తజిరి. ఆయన 1965లో జపాన్‌లో పుట్టారు. చిన్నప్పుడు పురుగుల్ని పట్టుకొచ్చి సేకరించడమంటే ఆయనకి పిచ్చి. తర్వాత ఆయన ఉండే చోట ఇళ్ళు, రోడ్లు వచ్చి చెరువులు, పొలాలు పోయాయి. మన బెంగళూరులో చెరువులు పోయి బస్టాండులు, లేఅవుట్లు వచ్చినట్టే. పురుగులు పట్టే సరదా ఈ కాలం పిల్లలకి లేదు కదా, అది ఒక ఆటలో ఇద్దాం అని ఆయన అనుకున్నారు. 1983లో గేమ్ ఫ్రీక్ అనే చిన్న పత్రిక చేత్తో రాసి మొదలుపెట్టారు. తర్వాత అదే పేరుతో కంపెనీ అయింది. దాదాపు ఆరేళ్ళు కష్టపడి 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో రెడ్, గ్రీన్ అని రెండు గేమ్‌లు విడుదల చేశారు. 1998 సెప్టెంబరులో అమెరికాలో రెడ్, బ్లూ పేర్లతో ఇంగ్లీషులో వచ్చాయి.

ఆట ఇలా ఉంటుంది. ఒక పిల్లవాడు ఊరూరా తిరుగుతూ గడ్డిలో, నీళ్ళలో, గుహల్లో ఉండే వింత జంతువుల్ని పట్టుకుంటాడు. వాటిని పెంచి పోటీల్లో దింపుతాడు. మొత్తం జంతువులు 151. చివరి పోటీ గెలిస్తే గెలిచిన జట్టు పేర్లు 'హాల్ ఆఫ్ ఫేమ్'లో రాసిపెడతారు. గుడి దగ్గర దాతల పేర్లు రాయిమీద చెక్కినట్టు అనుకోండి.

ఇది గేమ్ బాయ్ అనే చేతిలో పట్టుకునే మిషన్‌లో ఆడేది. దాని పని చేసే మెమరీ 8 కిలోబైట్లు మాత్రమే. ఇప్పుడు ఫోన్లో పంపే ఒక గుడ్ మార్నింగ్ ఫోటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కథంతా దీని వల్లే.

మన ఊరికి ఎలా వచ్చింది

అదే 1996లో, జులై నెలలో, మన బ్రిగేడ్ రోడ్డులో కాఫీ డే మొదటి షాపు తెరిచారు. అది సైబర్ కెఫే కూడా. తర్వాత కొన్నేళ్ళకి వీధి వీధికీ సైబర్ కెఫేలు వచ్చాయి. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకెమాన్ కార్టూన్ మొదలైంది. అప్పుడు మా మామ హైస్కూల్లో ఉన్నాడు. గేమ్ బాయ్ కొనే స్తోమత ఇంట్లో లేదు. అందుకని చాలామంది పిల్లల్లాగే సైబర్ కెఫేలో కంప్యూటర్ మీద గేమ్ బాయ్‌లా నటించే ప్రోగ్రామ్ పెట్టుకుని ఆడాడు. అది కొన్న గేమ్ కాదు, కాపీ. "అది తప్పే రా, కానీ అప్పుడు మాకు వేరే దారి తెలీదు" అని మామే ఒప్పుకుంటాడు. ఇంగ్లీషు గేమ్ మొత్తం ఒక్క ఫ్లాపీలో పట్టేది. మామ ఆ ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడంట. తర్వాత ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నారు. అందులోకి ఆ గేమ్, దాని సేవ్ ఫైలు రెండూ ఎక్కించాడు.

గేమ్‌లో మన పేరు ఇంగ్లీషులో ఏడు అక్షరాలకి మించకూడదు. మామది పొడుగు పేరు, పట్టలేదు. 'ఒక్కడు' సినిమా వచ్చిన రోజులవి. అందుకని 'మహేష్' అని పెట్టుకున్నాడు. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

లేని జంతువు ఎలా కనిపిస్తుంది

గేమ్‌లో ఒక ఊళ్ళో ఒక ముసలాయన ఉంటాడు. జంతువుని ఎలా పట్టుకోవాలో చూపిస్తానంటాడు. ఆ కొంచెం సేపు తెరమీద మన పేరు బదులు ఆయన పేరు రావాలి. మరి మన పేరు ఎక్కడ దాచాలి? వేరే చోటు లేదు. కాబట్టి గడ్డిలో ఏ జంతువులు ఉన్నాయో రాసుకునే చోట మన పేరు దాస్తారు. ఇంకో ఊరి గడ్డిలోకి వెళ్ళగానే ఆ ఊరి పట్టీ అక్కడికి వచ్చేస్తుంది, ఏ ఇబ్బందీ ఉండదు అని రాసినవాళ్ళు అనుకున్నారు. ఇంట్లో జాగా లేక బియ్యం డబ్బాలో డబ్బులు దాచినట్టు.

కానీ సిన్నబార్ అనే దీవిలో గడ్డి లేదు. అంటే కొత్త పట్టీ రాదు. పైగా ఆ దీవి తూర్పు ఒడ్డున సగం నేల, సగం నీళ్ళు ఉన్న గడులు ఉన్నాయి. మనం నీళ్ళలో ఈదుతున్నా గేమ్ అక్కడ గడ్డి పట్టీ చూస్తుంది. ముసలాయన దగ్గర్నుంచి నేరుగా ఎగిరి అక్కడికి వెళ్తే ఆ పట్టీలో ఉండేది మన పేరే. గేమ్ మన పేరునే జంతువుల జాబితా అనుకుని చదువుతుంది!

కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక నంబరే. ఈ గేమ్‌లో పెద్ద 'ఏ' అక్షరం నంబరు 128. పేరులో రెండు, నాలుగు, ఆరు అక్షరాలు జంతువు లెవెల్ అవుతాయి. మూడు, ఐదు, ఏడు అక్షరాలు ఏ జంతువో చెప్తాయి. 'మహేష్' ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో రెండో అక్షరం 'ఏ', కాబట్టి లెవెల్ 128. గేమ్‌లో 100 దాటకూడదు కానీ ఇక్కడ దాటుతుంది. మూడో అక్షరం 'హెచ్', దాని నంబరు 135. ఆ నంబరులో ఏ జంతువూ లేదు.

జంతువులకి గేమ్ లోపల 190 నంబర్లు ఇచ్చారు. నిజంగా ఉన్నవి 151. మిగిలిన 39 ఖాళీ. ఆ ఖాళీ గదులన్నిటికీ ఒకటే పేరు, 'మిస్సింగ్ నో.' అంటే నంబరు లేదు అని. అది కనిపిస్తే జంతువు బొమ్మ బదులు చెదిరిపోయిన చుక్కల కుప్ప ఒకటి వస్తుంది.

దాన్ని చూడగానే ఇంకో వింత జరుగుతుంది. మన సంచిలో ఆరో వస్తువు 128 పెరుగుతుంది. ఇదీ లెక్కే. ఏ జంతువుని చూసినా గేమ్ దాని నంబరులోంచి ఒకటి తీసి ఆ గడిలో 'చూశాడు' అని టిక్కు పెడుతుంది. ఈ లేని జంతువు నంబరు సున్నా. సున్నాలోంచి ఒకటి తీస్తే ఒక్క బైటులో మైనస్ ఒకటి ఉండదు, 255 వస్తుంది. 255వ గడి ఆ పట్టీ బయట ఎక్కడో సంచిలో పడుతుంది. ఆ టిక్కు విలువ 128. అందుకే పిల్లలు ఆరో స్థానంలో రేర్ కాండీ పెట్టేవాళ్ళు. అది ఒకటి తినిపిస్తే జంతువు లెవెల్ ఒకటి పెరుగుతుంది. 128 అంటే పండగే.

1999లో నింటెండో వాళ్ళ సొంత పత్రికే దీని గురించి రాసింది. దీన్ని కలిస్తే సేవ్ చేసిన ఆట చెడిపోవచ్చని హెచ్చరించింది. పిల్లలు వినలేదు. నేనూ వినలేదు.

దాచిన జంతువు

ఇంకో కథ. 151వ జంతువు పేరు మ్యూ. గేమ్ పని అయిపోయాక, పరీక్షల కోసం పెట్టిన భాగాలు తీసేస్తే సుమారు 300 బైట్లు ఖాళీ మిగిలింది. షిగేకి మొరిమోటో అనే ప్రోగ్రామర్ అందులో సరదాగా మ్యూని పెట్టారు. ఆటగాళ్ళకి అది కనిపించకూడదనే ఉద్దేశం. కానీ తప్పుల వల్ల జపాన్‌లో కొందరికి కనిపించింది. పుకార్లు లేచాయి. అప్పుడు 1996లోనే కొరోకొరో అనే పిల్లల పత్రిక, 20 మందికి మ్యూని ఇస్తాం అని ప్రకటించింది. సుమారు 78,000 మంది దరఖాస్తు పెట్టారు. ఒక తప్పు వల్ల బయటపడినది గేమ్‌కే పెద్ద ప్రచారం అయింది.

మ్యూని అందరూ పట్టుకునే దారి 2003లో బయటికి వచ్చింది. దూరంగా ఉన్న ఒక ఆటగాడు మనల్ని చూసే క్షణంలోనే మెనూ తెరిచి ఎగిరిపోవాలి. తర్వాత ఇంకో కుర్రాడి స్లోపోక్‌తో పోటీ పడాలి. ఆ స్లోపోక్ 'స్పెషల్' బలం 21. మ్యూ లోపలి నంబరు కూడా 21. వెనక్కి వస్తే గేమ్ ఆ 21నే జంతువు నంబరు అనుకుని మ్యూని తెస్తుంది. గేమ్ వచ్చిన ఏడేళ్ళకి, ఎవరూ డబ్బులివ్వకుండానే, ఇది పిల్లలు, పెద్దలు కలిసి వెతికి పట్టుకున్నారు. నాకు ఇది పరిశోధనలాగే అనిపిస్తుంది.

మన అక్షరం కూడా

ఇలాంటివి జపాన్ గేమ్‌లోనే జరుగుతాయనుకోకండి. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. 'జ్ఞా' లాంటి ఒక అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ ఆగిపోయేది. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరం! తెలుగు చదవడం రాని వాళ్ళు కూడా దాన్ని కాపీ చేసి, నచ్చని వాళ్ళకి పంపి వాళ్ళ ఫోన్లు ఆపారు. ఫిబ్రవరి 19న ఆపిల్ కంపెనీ కొత్త వెర్షన్ ఇచ్చి సరిచేసింది. తప్పు మన అక్షరంలో లేదు. తెలుగు ఒత్తులు ఎలా కలుస్తాయో ఆ ప్రోగ్రామ్ పూర్తిగా లెక్క వేసుకోలేదు, అంతే.

రెండూ తప్పుని వాడుకోవడమే. కానీ మ్యూని పట్టుకున్నవాళ్ళు తమ ఆటలో తాము ఆడుకున్నారు. ఆ అక్షరం పంపినవాళ్ళు వేరేవాళ్ళ ఫోన్ చెడగొట్టారు. గ్లిచ్ వాడటం మోసమా అని నన్ను అడిగితే, ఎవరికి నష్టం అని ముందు అడగాలి అంటాను.

నేను చేసిన తప్పు

ఈ మాట నాకు అనుభవం మీద తెలిసింది. పోయిన వేసవి సెలవుల్లో అవ్వ వాళ్ళింటి అటక మీద మామ పాత కంప్యూటర్ దొరికింది. మామ దాన్ని బాగుచేసి ఆన్ చేశాడు. గేమ్ ఇంకా ఉంది. మామ ముందు చూపించింది హాల్ ఆఫ్ ఫేమ్. తను మొదటిసారి గెలిచిన జట్టు. జంతువులకి ఇంట్లో వాళ్ళ పేర్లు పెట్టాడు. నిప్పులు కక్కే చారిజార్డ్ పేరు 'అక్క', అంటే మా అమ్మ! ఎప్పుడూ నిద్రపోయే స్నార్లాక్స్ పేరు 'తాత'. తాత ఇప్పుడు లేరు. ఆ పేరు వచ్చినప్పుడు మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు మామ డ్యూటీకి వెళ్ళాక నేను ముసలాయన దగ్గరికి వెళ్ళి, సిన్నబార్‌కి ఎగిరి, ఒడ్డున ఈదాను. లేని జంతువు వచ్చింది. లెక్క సరిగ్గా పనిచేసిందని ఎగిరి గంతేశాను. రేర్ కాండీ పెరిగింది. సేవ్ చేయకుండా ఆపేశాను, ఇంక ఏమీ కాదులే అనుకున్నాను. సాయంత్రం చూస్తే హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేర్లు లేవు. పిచ్చి గుర్తులు, చెదిరిన బొమ్మలు ఉన్నాయి.

కారణం తర్వాత తెలుసుకున్నాను. జంతువు బొమ్మని విప్పడానికి కూడా చోటు చాలక, గేమ్ ఆ పని సేవ్ మెమరీలోనే ఒక పక్కన చేస్తుంది. లేని జంతువు బొమ్మ కొలతకి మించి పొంగి పక్కనున్న దాని మీద పడుతుంది. పక్కనున్నది హాల్ ఆఫ్ ఫేమ్. నేను సేవ్ నొక్కకపోయినా అది చెరిగిపోతుంది.

మామకి నేనే చెప్పాను. తిడతాడనుకున్నాను. "ఏం రా, ముందు ఫైలు ఒక కాపీ తీసి పెట్టుకోవాలని తెలీదా నీకు?" అని ఒక్క మాట అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. మామ తర్వాత జట్టు మార్చేశాడు, కొన్ని జంతువుల్ని వదిలేశాడు కూడా. కాబట్టి ఆ మొదటి జట్టు వేరే ఎక్కడా రాసిలేదు.

ఆ రాత్రి మామ గుర్తు చేసుకుని చెప్తుంటే నేను నోట్‌బుక్కులో రాశాను. 'అక్క' చారిజార్డ్. 'తాత' స్నార్లాక్స్. 'అవ్వ' చాన్సీ. ఊళ్ళో కుక్క పేరు మీద 'రాజు' ఆర్కనైన్. పక్కింటి స్నేహితుడి పేరు మీద 'మణి' పిజియట్. ఆరోది ఎంత ఆలోచించినా మామకి గుర్తు రాలేదు.

రాళ్ళ మీద శాసనాలు చెరిగిపోతే సగం చరిత్ర పోతుందని సారు చెప్పినప్పుడు నాకు అంత పట్టలేదు. ఇప్పుడు తెలిసింది. తప్పుల్ని వెతకండి, వాటి వెనక లెక్క తెలుసుకోండి, చాలా బాగుంటుంది. కానీ మనది కాని దాని మీద చెయ్యి వేసే ముందు అడగండి, ఒక కాపీ తీసి పెట్టుకోండి. ఆరో పేరు మామకి ఎప్పుడైనా గుర్తొస్తే నోట్‌బుక్కులో రాయడానికి ఒక గీత ఖాళీగా వదిలాను.