గుండె మందులు, మేనియా, ఎలుకలు

మలేషియాలో పేరాక్ రాష్ట్రంలోని సుంగై సుమున్ లో ఉండే మా పెదనాన్నగారు పోయిన దీపావళికి నన్నొక ప్రశ్న అడిగారు. "ఒరేయ్, బి.పి. మాత్రలు మేనియాకి కూడా పనిచేస్తాయటగా? ఇక లిథియం మానెయ్యొచ్చా?" నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణే గాని డాక్టర్ని కాదు. అయినా చదివి తెలుసుకున్నది మన పాఠకులకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మేనియా అంటే నిద్ర లేకున్నా అలసట రాదు, మాటలు ఆగవు, డబ్బు మంచినీళ్ళలా ఖర్చవుతుంది. మరి ఎలుకకి మేనియా వచ్చిందని ఎలా తెలుస్తుంది? నిజానికి తెలియదు! యాంఫెటమిన్ ఇచ్చి, పెట్టెలో అది ఎంత పరుగెత్తిందో లెక్కపెడతారు. మందు ఇచ్చాక పరుగు తగ్గితే ఆశ పుడుతుంది.

ఇంకో పద్ధతి మరీ విచిత్రం. ఆఫ్రికాలో బాణాలకు పూసే విషం ఊబెయిన్, గుండె మందు డిగాక్సిన్‌కి దగ్గరి చుట్టం. కణాల్లోని సోడియం-పొటాషియం పంపుని ఇది ఆపేస్తుంది. (ఆ పంపుని 1957లో కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకి 1997లో నోబెల్ వచ్చింది.) ఊబెయిన్‌ని ఎలుక మెదడులోకి ఎక్కిస్తే అది తెగ పరుగెడుతుంది, లిథియం ఇస్తే ఆ పరుగు తగ్గుతుంది. అంటే ఒక గుండె మందు జబ్బు లాంటిది తెప్పిస్తుంటే, ఇంకో గుండె మందుతో నయం చేయాలని చూస్తున్నారన్నమాట.

ఆ రెండో రకమే వెరపమిల్ లాంటి కాల్షియం ఛానల్ బ్లాకర్లు. గుండె కండరంలో ఉన్నలాంటి కాల్షియం ద్వారాలే నరాల కణాల్లోనూ ఉన్నాయి. ఈ రకం మందులతో యాంఫెటమిన్ పరుగు తగ్గిందని ఎలుకల ప్రయోగాల్లో తేలింది. 2008లో బైపోలార్ జబ్బుకీ, ఒక కాల్షియం ఛానల్ జన్యువుకీ సంబంధం బయటపడ్డాక ఆశ పెరిగింది. కానీ అంతకు పదేళ్ళ ముందే, 1998లో మేనియా రోగులపై జరిగిన ఒక పరీక్షలో వెరపమిల్‌కీ ఉత్తుత్తి మాత్రకీ తేడా కనబడలేదు. రోగులు తక్కువమందే అనుకోండి.

మన సర్పగంధ కథ ఇంకా పాతది. అది రక్తపోటుకీ, ఉన్మాదానికీ మందని 1931లోనే కలకత్తా వైద్యులు సేన్, బోస్ రాశారు. దాన్నుంచి 1952లో తీసిన రిసెర్పిన్ జంతువుల్నీ, మనుషుల్నీ శాంతపరిచింది. తరువాత లిథియం, ఇతర మందులు దాన్ని వెనక్కి నెట్టాయి.

ఇక పెదనాన్నగారికి నా జవాబు: మానొద్దు. అంతకన్నా ముఖ్యం, బి.పి.కి ఇచ్చే థయజైడ్ నీళ్ళమాత్రలు, ఎనలాప్రిల్ రకం మాత్రలు రక్తంలో లిథియంని ప్రమాదకరంగా పెంచగలవు. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఆయన చీటీ చూస్తే నీళ్ళమాత్ర ఉండనే ఉంది! ఆ వారమే డాక్టరుకి చెప్పి, లిథియం పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చారు.