కావలి సోదరులు: అమరావతి తొలి అన్వేషణలో ఒక తెలుగు కుటుంబం

పందొమ్మిదవ శతాబ్ది తెలుగు పూర్వికుల జాడ తీయబూనిన వారికి తొలి చిక్కు పేరుతోనే మొదలవుతుంది. ఏలూరుకు చెందిన నియోగి సోదరులు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఇందుకు నిదర్శనం. ‘కావలి వెంకట’ అన్నది ముగ్గురికీ ఉమ్మడి. ఆంగ్ల పత్రాలలో అంతమాత్రమే కనిపించినచోట వ్యక్తి ఎవరన్నది కాలాన్ని, సందర్భాన్ని బట్టి నిర్ణయించుకోవలసి ఉంటుంది.

బొర్రయ్య కాలిన్ మెకంజీ వద్ద చేరి స్థానిక చరిత్రల, శాసనాల సేకరణకు నాంది పలికాడు. హళగన్నడ శాసన లిపిని చదవడంలో అతని ప్రజ్ఞను మెకంజీ స్వయంగా ప్రశంసించాడు. 1803లో అతడు చిన్న వయసులోనే మరణించాడు. ఒక జైన గురువు నుండి అతడు సేకరించి అనువదించిన జైనమత వివరణ, మరణానంతరం ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ తొమ్మిదవ సంపుటంలో వెలువడింది.

ఈ వివరణ బౌద్ధ చరిత్రకారులకూ ముఖ్యమైనదే. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిని రాజధానిగా తీర్చిదిద్దుతున్న కాలంలో, దీపాలదిన్నెను కట్టడపు రాళ్లకోసం తవ్వారు. పద్దెనిమిదవ శతాబ్ది చివర ఆ దిబ్బను చూసిన మెకంజీ, 1816లో తిరిగి వచ్చి తన బృందంచేత శిల్పాల చిత్రాలు వ్రాయించాడు. అయితే వాటిని జైన సంబంధమైనవిగానే భావించాడు. దక్షిణాదిన బౌద్ధం ఇంకా విస్మృతమై, జైనం సజీవంగా ఉన్న రోజులవి. ఎదుట నిలిచి చెప్పగల గురువులున్న మతమే మౌనశిలలకు అన్వయమైంది. తరువాత నశించిన, చెదరిపోయిన ఫలకాలకు నేడు ఆ చిత్రాలే ఆధారం.

బొర్రయ్య అనంతరం సేకరణ భారాన్ని లక్ష్మయ్య వహించాడు. అతని పర్యవేక్షణలో సహాయకులు ఊరూరా తిరిగి కైఫియతులు సేకరించి పంపారు. 1821లో మెకంజీ మరణించాక, ఆ కృషిని కొనసాగించే అవకాశం తనకిమ్మని లక్ష్మయ్య ప్రభుత్వాన్ని అర్థించాడు. 1836లో విషయం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పరిశీలనకు వచ్చింది. సహాయకుడిగా ఉపయోగపడవచ్చునే గాని, అంతటి కార్యానికి అతని అర్హత చాలదని జేమ్స్ ప్రిన్సెప్ నివేదించాడు. దశాబ్దాలపాటు ఆ సేకరణను నడిపిన వ్యక్తికి దక్కిన తీర్పు అది. రామస్వామి మాత్రం 1829లో దక్కను కవుల జీవితాలపై ఆంగ్ల గ్రంథాన్ని స్వనామంతో ప్రకటించాడు.

కుటుంబ చరిత్ర వంశవృక్షంతో ముగియదు. ఏ ప్రతిని ఎవరు సేకరించారో, ఎవరు అనువదించారో తెలిసినప్పుడే ఆ సాక్ష్యపు విలువను సరిగా తూచగలం. మెకంజీ పేరిట ఉన్న సేకరణల సూచికలలో ఈ సోదరుల పేర్లను విడివిడిగా, పూర్తిగా నమోదు చేయడం అందుకు తొలి మెట్టు.