రహీం సాబు పిల్లగాండ్లు

దగ్గరికి జరుగుండ్రి. ఆ పత్తికట్టె ఇంకో నాలుగు పుల్లలెయ్‌రా చిన్నోడా, వీపెంబడి ఇగం పెడుతున్నది.

పొద్దుగాల మీరంత ఫోను చుట్టు మూగి లొల్లి పెట్టుకున్నరు కదా, మెస్సీ గొప్పోడా, ఇంకోడు గొప్పోడా అని. గప్పుడే మన భూపాలపల్లి పిల్లగాడు ఓ పసుపు, నలుపు చారల అంగి చూపెట్టిండు. పెన్యరోల్ అట, దక్షిణ అమెరికాల ఉరుగ్వే దేశపు జట్టు. "తాతా, వాళ్లను బొగ్గోళ్లు అంటరట, మా బాపు లెక్కనే" అని నవ్విండు. నాకు ఆ మాట పట్టుకున్నది. పొద్దంత గదే తలుచుకుంట కూసున్న.

బొగ్గోళ్లని ఎందుకన్నరంటే, ఆ జట్టును పెట్టింది రైలు కంపెనీల పనిచేసే మనుషులు. మాంటెవిడియో పట్నం అంచుకు పెన్యరోల్ అనే ఊర్ల ఇంగ్లీషోళ్ల రైలు కంపెనీ కార్ఖానా ఉండె. ఆడ పనిచేసేటోళ్లు 1891 సెప్టెంబర్ 28 నాడు క్లబ్బు పెట్టుకున్నరు. రైలు రంగులు పసుపు, నలుపు, గవే అంగీల మీదికొచ్చినయి. నేను ముప్ఫై ఏండ్లు పట్టాలెంబడి నడిచిన మనిషిని, గ్యాంగుల చేసిన. మన కాజీపేట, మానుకోట, డోర్నకల్లు మీదికెళ్లి పోయే లైను 1889ల బెజవాడ ముట్టింది. అంటే మన లైను పడ్డ రెండేండ్లకు, సముద్రాలవతల ఇంకో లైను కాడ ఆ జట్టు పుట్టింది. ఈడ గూడ కంపెనీ ఇంగ్లీషోళ్లదే, పేరు నిజాముది. ఇల్లెందు బొగ్గు డోర్నకల్లు మీదికెళ్లే పోయేది. ఆడ బొగ్గు, ఈడ బొగ్గు. ఆళ్లకు ఆ పొగల నుంచి ఒక జట్టు లేచింది.

మరి మనకు లేవలేదా? లేచింది. గదే చెప్దామని కూసోబెట్టిన. మనది రైలుల లేవలేదు, పోలీసుల లేచింది.

పోలీసు అంటే మీకు ఇయ్యాల వేరే తీరు. నేను పుట్టింది 1942ల, జనగామ తాలూకాల, కడవెండి పక్కపొంటి పల్లెల. దొరల మీద కొట్లాటల దొడ్డి కొమరయ్య అక్కడనే పానమిడిచిండు, 1946 జులై 4 నాడు. నాకప్పుడు నాలుగేండ్లు, నాకేం తెలుస్తది, అవ్వ చెప్తే విన్నదే. కని నాకు యాదికున్నదొకటుంది. ఖాకీ బట్ట కనబడితే వాడకట్టంత తలుపులేసుకునేది. నేను ఏడిస్తే అవ్వ "పోలీసోడొస్తుండు" అనేది, నోరు మూసుకునేటోన్ని. గసొంటి పోరన్ని పద్దెనిమిదేండ్లకు మా మేనమామ ఎంబడి పట్నం పోయి, ఫతేమైదాన్ల పోలీసుల ఆట చూసి, గొంతు పోయేదాక కేకలేసిన. మామ నా దిక్కు చూసి ఏమనలేదు, మురిసిండు.

ఆ జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. దానికి ఉస్తాదు సయ్యద్ అబ్దుల్ రహీం. పోలీసాఫీసరు కాదు, బడి పంతులు. ఉస్మానియాల చదివిండు, పట్నపు బళ్లల్ల పిల్లలకు చదువు చెప్పిండు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950ల పోలీసు జట్టును చేతికి తీసుకున్నడు.

ఆ 1950 సంగతి జర ఇనుండ్రి. జులై 16 నాడు బ్రెజిల్‌ల ప్రపంచ కప్పు ఆఖరాట. రెండు లక్షలకు దగ్గర జనం, అందరు బ్రెజిలోళ్లే. ఉరుగ్వే 2-1తోటి గెలిచింది. ఆ రెండు గోల్లు కొట్టిన షియాఫినో, గిజియా ఇద్దరు పెన్యరోల్ ఆటగాండ్లే. కప్తాను వరేలా గూడ ఆ జట్టోడే. ఇయ్యాలటి మన హైదరాబాదు పట్నంల సగం జనం గూడ లేని దేశమది. గా ఏడే మన పోలీసు జట్టు బొంబాయి పోయి రోవర్స్ కప్పు తెచ్చింది, ఢిల్లీ పోయి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. డ్యూరాండ్ ఆఖరాటల ఎదురుంగ మోహన్ బగాన్. మొదటినాడు 1-1. మళ్ల ఆడిన్రు, 1-0తోటి మనోళ్లే గెలిచిన్రు. కలకత్తా జట్టును గెల్చుడంటే ఆ రోజులల్ల చిన్న ముచ్చట కాదు. రోవర్స్ కప్పయితే ఆ ఏడుతోటి కలిపి వరుసగ అయిదేండ్లు, 1954 దాక, ఎవ్వనికి ఇయ్యలేదు.

ఎట్ల గెలిచిన్రంటే, రహీం సాబు నేర్పిన తీరు అట్లాంటిది. పట్నంల పోరగాండ్లకు ఆయన వింత పోటీలు పెట్టించెటోడట. ఒక పోటీల బంతిని కాలుకు అంటబెట్టుకొని తిప్పుడు లేదు, వచ్చింది వచ్చినట్టే పక్కోనికియ్యాలె. ఇంకో పోటీల చేతగాని కాలుతోటే తన్నాలె. కుడికాలోడు ఎడమకాలుతోటి, ఎడమకాలోడు కుడికాలుతోటి. మొదట్ల నవ్వులాట లెక్క ఉంటది. ఓ ఏడాది గడిస్తే ఆ పోరనికి రెండు కాళ్లు ఒక్క తీరు. నలుగురిని ఎనుక, ఇద్దరిని నడుమ, నలుగురిని ముందట నిలబెట్టే తీరుతోటి బ్రెజిల్ 1958ల ప్రపంచ కప్పు గెలిచింది. అంతకు ముందే మన సాబు ఆ తీరు ఆడిపిచ్చిండని ఆట తెలిసినోళ్లు ఇప్పటికీ చెప్తరు.

దేశపు జట్టుకు గూడ ఆయనే ఉస్తాదయిండు. 1951ల ఢిల్లీల ఆసియా ఆటల బంగారం. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌ల యుగోస్లావియా చేతుల 10-1. ఓడింది గూడ చెప్పాలె, దాచొద్దు. ఆ చలి దేశంల మనోళ్లు శానామంది ఉత్త కాళ్లతోటి ఆడిన్రు. మీరీడ మంట కాడ కూసొని వణుకుతున్నరు, అర్థం చేసుకోండ్రి. దాని తర్వాతనే బూట్లు తప్పకుండ తొడగాలన్నరు. నాలుగేండ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఆస్ట్రేలియాను 4-2తోటి ఓడగొట్టి నాలుగో జాగల నిలిచిన్రు. ఆసియాల ఏ దేశం గూడ అంతకు ముందు ఒలింపిక్ సెమీస్ కాడికి పోలేదు. ఆ జట్టుల అజీజ్, లతీఫ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం, గిట్ల హైదరాబాదోళ్లు ఎంతమందో.

బలరాం అంటే తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ పిల్లగాడు, గరీబు ఇల్లు. పట్నందాక వచ్చి ఆడనీకె కిరాయి పైసల్లేవంటే రహీం సాబే ఏర్పాటు చేసిండంటరు. గా పిల్లగాడే 1960ల రోమ్ ఒలింపిక్స్‌ల హంగేరీ మీద గోలు కొట్టిండు, పెరూ మీద గోలు కొట్టిండు. పెరూ గూడ మీ మెస్సీ దిక్కు దేశమే. ఓడినం, 3-1. కని ఆ ఒక్కటి అమ్ముగూడ కాలుది.

ఇగ జకార్తా ఆసియా ఆటలు. 1962 సెప్టెంబర్ 4. నాకిరవై ఏండ్లు, గప్పుడే రైల్వేల చేరిన. రహీం సాబుకు క్యాన్సర్. ఆ బాధ కడుపుల పెట్టుకొనే జట్టెంబడి పోయిండు. దక్షిణ కొరియా ముందుగాల మనల్ని 2-0తోటి ఓడగొట్టిన జట్టు, మళ్ల ఆఖరాటల గదే. జకార్తా జనమంత మన మీద కోపంగున్నరు, ఏదో రాజకీయం లొల్లి. జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డయి. ఎనుక ఆడే ఆ మనిషిని సాబు ముందటికి తెచ్చి నిలబెట్టిండు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలోడు ఒకటి. 2-1. స్టేషన్ల రేడియో ముందట మేం పదిమందిమి ఉన్నం, వార్త విని ఎగిరినం. మా మేస్త్రి, ఎన్నడు నవ్వని మనిషి, అందరికి చాయ్ తాపిండు.

తొమ్మిది నెలలకు సాబు పోయిండు. యాభై మూడేండ్లు.

తర్వాత గూడ పట్నం ఉత్తగ పోలేదు. హబీబ్ అని ఒక హైదరాబాదోడు కలకత్తాల పెద్ద పేరు తెచ్చుకున్నడు. 1977ల పెలే తన న్యూయార్క్ జట్టు తీసుకొని ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చిండు. మోహన్ బగాన్ దిక్కు నుంచి ఒక గోలు శ్యామ్ థాపా, ఒక గోలు హబీబ్. 2-2 సమం. పెలే ఎదురుంగ హైదరాబాదు పిల్లగాడు గోలు కొట్టిండంటే మీ బళ్లె ఎంతమందికి తెలుసు? నేనడిగిన, ఒక్కడు చెప్పలేదు. తప్పు మీది కాదు, చెప్పనోళ్లది. అందుల నేనూ ఉన్న.

ఆట పల్సగయింది. పోలీసు జట్టు పేరు వినబడకుంట అయింది. 2019ల హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒక జట్టు పుట్టింది, 2022 మార్చి 20 నాడు గోవాల కేరళ జట్టును పెనాల్టీలల్ల గెలిచి దేశపు లీగు కప్పెత్తింది. నేను టీవీల చూసి ఏడ్చిన. పుట్టిన ఆరేండ్లకు ఆ జట్టు ఢిల్లీకి పోయి పేరు మార్చుకున్నది. అది నాకు మనసుల ముల్లు లెక్కనే ఉంది. ఎందుకంటే పెన్యరోలోళ్లు ఎటు పోలేదు బిడ్డా. ఆ కంపెనీ పోయింది, ఇంగ్లీషోళ్లు పోయిన్రు, ఆవిరింజన్లు పోయినయి, ఆళ్లు మాత్రం గదే పట్నంల గదే పసుపు నలుపుతోటి ఇయ్యాల గూడ ఆడుతున్నరు. దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు, లిబర్టడోరెస్, మొట్టమొదట 1960ల పెట్టిన్రు. దాన్ని మొదలు ఎత్తింది గూడ ఆ బొగ్గోళ్లే.

మంట సల్లారుతున్నది, పండుకోండ్రి. కని రేపు బడికి పోయినప్పుడు మీ ఆటల సారుకు చెప్పుండ్రి, ఒక్క పోటీ చేతగాని కాలుతోటి పెట్టుమనుండ్రి. ఎవరు నేర్పిన్రంటే రహీం సాబు అనుండ్రి. ఆయన పోయింది 1963 జూన్ 11 నాడు. నోట్‌బుక్కుల రాసి పెట్టుకోండ్రి.